మహల్లో దిగాలా, సరాయిలో దిగాలా?

మా అమ్మా నాయినా ఎర్రవల్లి నుంచి పట్నం వస్తే ఎప్పుడూ సాయంత్రానికల్లా జేబీఎస్‌లో సిద్దిపేట బస్సెక్కేస్తారు. ఈసారి వాళ్ల పెళ్లిరోజుకి ఒక్క రాత్రయినా చరిత్ర ఉన్న హోటల్లో దింపుదామనుకున్నాను. మన ఐటీ బుద్ధి ఊరుకోదు కదా, ఎక్సెల్ షీటు తెరిచి మూడు పేర్లు రాసుకున్నా.

మొదటిది ఫలక్‌నుమా. పైగా వంశపు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసిన మహలు. 1897లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తీసుకుని, రాచ అతిథులకి విడిదిల్లు చేశాడు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దిగి వెళ్లాక చాలా ఏళ్లు దాదాపు తాళాలే. తాజ్ వాళ్లు బాగుచేసి 2010లో హోటల్‌గా తెరిచారు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల చూడాలని నాకూ ఉంది. కానీ ఒక్క రాత్రి అద్దెతో మా నాయిన ఎకరం మక్కకు పెట్టుబడి పెడతాడు!

రెండోది రిట్జ్. నిజామత్ జంగ్ 1915లో కట్టించుకున్న హిల్‌ఫోర్ట్ ప్యాలెస్. 1929లో సర్కారు కొని నిజాం రెండో కొడుకు మొజ్జంజాకి ఇచ్చింది. 1955 నుంచి రిట్జ్ హోటల్. 1990ల చివర్లో అదీ మూతపడింది. తర్వాత పాడుబడిపోతుంటే, కాపాడమంటూ జనం హైకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. షీట్లో కొట్టేశా.

మూడోది నాంపల్లి సరాయి. రైల్వే స్టేషన్ పక్కనే, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1919లో బాటసారుల కోసం కట్టించాడు. అంటే రైలు దిగిన మామూలు జనం తలదాచుకోవడానికి. ఈ మూడింటిలో మా నాయినలాంటి వాళ్ల కోసం కట్టింది ఇదొక్కటే. అదీ శిథిలమైపోయింది. బాగుచేస్తామని ప్రకటనలు మాత్రం చాలాసార్లు వచ్చాయి.

చివరికి నాంపల్లిలోనే ఓ మామూలు లాడ్జిలో దిగాం. పొద్దున్నే ఇరానీ చాయ్ తాగి సరాయి ముందునుంచి నడుస్తుంటే కథంతా చెప్పాను. నాయిన ఆగి చూసి, "గిది మనసొంటోళ్లకు కట్టిండ్రా బిడ్డా? మరి గిట్లెందుకు ఇడ్సిపెట్టిండ్రు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఫలక్‌నుమా మీద నాకేం కోపం లేదు. హోటల్ కాకపోయుంటే దానికీ రిట్జ్ గతే పట్టేదేమో. పాత కట్టడం బతకాలంటే అందులో మనుషులు మసలాలి, ఎవరో ఒకరు అద్దె కట్టాలి. కానీ లక్షాధికారులు అద్దె కట్టగలిగిన చరిత్రే మిగులుతుంటే, రేపు మన పిల్లలు హైదరాబాదులో నవాబులు తప్ప ఇంకెవరూ బతకలేదనుకుంటారు.

ఒకపక్క రైల్వే స్టేషను, ఇంకోపక్క మెట్రో. సరాయిని బాగుచేసి, శుభ్రమైన గదులు ఓ మోస్తరు అద్దెకిస్తే ఖాళీగా ఉంటాయా? పరీక్షలకొచ్చే పిల్లలు, ఆసుపత్రికొచ్చే ఊళ్లవాళ్లు చాలరూ? అది నడిస్తే గోడలూ నిలుస్తాయి.

ఇంటికొచ్చాక షీట్లో ఇంకో కాలమ్ పెట్టా: "ఎవరి కోసం కట్టారు?" ఈసారి మీరు హోటల్ వెతికేటప్పుడు రేటు, రివ్యూలతో పాటు అదీ చూడండి. సరాయి తలుపులు తెరిచిన రోజున మొదటి గది మాత్రం మా నాయిన పేరు మీదే బుక్ చేస్తాను.