విజయనగర సంగీత కళాశాల: బాలగాయకులును, వారి యన్నదాతలును

పాఠశాల చరిత్రము వ్రాయువారు స్థాపకుల పేరును, ఆచార్యుల పేరును, ప్రసిద్ధులైన శిష్యుల పేరును వ్రాసి ముగించుట వాడుక. ఆ శిష్యులు చదువుకొన్న దినములలో ఎవరి యింట భుజించిరి, ఎవరి యరుగుపై పండుకొనిరి అను సంగతి వ్రాయువారు తక్కువ. మన మహాసభకు విచ్చేసిన పోషకులును, సోదరీసోదరులును ఈ సంగతినే ముఖ్యముగా విచారింపవలెనని నా మనవి. అందులకు విజయనగరమందలి సంగీత కళాశాలకంటె మంచి నిదర్శనము మన ప్రాంతమున లేదు.

ఈ విద్యాలయమును పూసపాటి విజయరామ గజపతిరాజుగారు 1919వ సంవత్సరమున స్థాపించిరి. తమ కొలువులోని యొక యుద్యోగి కుమారుడు అంధుడయ్యును సంగీతమునం దాసక్తి గలవాడగుటచే, ఆ బాలుని నిమిత్తమై ప్రభువు లీ కార్యమునకు పూనుకొనిరని పెద్దలు చెప్పుదురు. హరికథా పితామహులగు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులై 1936 వరకు ఆ పీఠము నలంకరించిరి.

వారి పిదప అధ్యక్షులైనవారు ద్వారం వేంకటస్వామినాయుడుగారు. వీరు 1893లో బెంగుళూరున జన్మించి, విశాఖపట్టణమున పెరిగి, అన్నగారగు వేంకటకృష్ణయ్యగారి యొద్ద ఫిడేలు నేర్చిరి. ఇరువదియాఱేండ్ల ప్రాయమున శిష్యులుగా చేరదలచి విజయనగరమునకు రాగా, దాసుగారు వారి వాద్యము విని, నీవు నేర్వవలసినది లేదు, నేర్పవలసినది కలదని ఆచార్యపదవి యిప్పించిరని ప్రతీతి. పక్కవాద్యముగా మాత్రమే యెంచబడుచున్న ఫిడేలును కచేరీకి తానే నాయకత్వము వహింపజాలిన వాద్యముగా దక్షిణదేశమున నిలిపినవారిలో నాయుడుగారు అగ్రగణ్యులు. 1941లో చెన్నపురి సంగీత విద్వత్సభవారు వీరిని సంగీతకళానిధి బిరుదముతో గౌరవించిరి. అయితే ఇంటనే అన్న గురువై దొరకుట ఎల్లర భాగ్యము కాదు.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కథ వేరు. కృష్ణామండలమున 1922లో పుట్టి, బాల్యముననే తండ్రిని గోల్పోయి, చేతి యుంగరము నమ్ముకొని ఆ బాలుడు విజయనగరము చేరెను. కళాశాలలో చదువు దొరకెనుగాని కడుపు నిండు మార్గము దొరకలేదు. అప్పుడు సాలూరి చినగురువుగారను ప్రసిద్ధి గల పట్రాయని సీతారామశాస్త్రిగారు, తామును సంపన్నులు గాకున్నను, అతనిని చేరదీసి విద్య గఱపిరి. భుజమున జోలె వేసికొని మధుకర మెత్తి తెచ్చుకొన్న యన్నముతో ఆ విద్యార్థి చదువు సాగించెను. తెనుగునాట ఇంటింట వినబడిన కంఠమునకు ఆ పట్టణపు గృహిణులు పెట్టిన పిడికెడు మెతుకులు ఆధారమైనవి. ఆ ఋణము వారు మఱచినవారు కారు. గురుపుత్రులగు సంగీతరావుగారు చిరకాలము ఘంటసాలవారి సంగీతకార్యమున తోడైయుండిరి.

ఇచ్చట మనము దాటిపోరాని విషయ మొకటి కలదు. మధుకరమును, వారములును ఆచారముచే బ్రాహ్మణ బ్రహ్మచారులకే పరిమితములై యుండెను. ఇతర కులముల పేదబిడ్డకు, ఎంత చక్కని గొంతున్నను, జోలె పట్టి నిలుచుటకు గడప లేదు. అట్టి బిడ్డలలో ఎందఱు గాయకులు పొలముగట్లపై పాడుకొని ముగిసిపోయిరో లెక్క వ్రాసినవారు లేరు. ఈ లోపమును తీర్చుటకే ఇరువదవ శతాబ్ది తొలిభాగమున కులసంఘములు విద్యార్థి వసతిగృహముల నెత్తుకొనినవి. 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి వసతిగృహ మట్టిదే. సంఘములకు గౌరవము తెచ్చినవి ఉపన్యాసములు కావు, ఆ భోజనశాలలు.

విజయనగరపు ఆడుబిడ్డ పి. సుశీలగారు 1935లో అచ్చటనే జన్మించి, ఆ కళాశాలలోనే సంగీతమభ్యసించి, 2008లో పద్మభూషణ పురస్కార మందినారు. పుట్టినయూరే విద్యాస్థానమగుటచే తల్లిదండ్రుల నీడ విడువక చదువుట వారికి సాధ్యమయ్యెను. దూరగ్రామమందలి బాలిక కట్టి సౌకర్య మెక్కడిది?

నేడు ఈ విద్యాలయము ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలయై, 2019లో నూఱేండ్లు నిండించుకొన్నది. గాత్రము, వీణ, ఫిడేలు, మృదంగము మున్నగునవి అచ్చట నేర్పుదురు. చదువు కొలదిదినములలో తెమలునది కాదు. అన్ని యేండ్లును ఆ బిడ్డకు కూడును, నీడయు కావలెను. బడిపిల్లలు వార్షికోత్సవమున పాడినప్పుడు మనము చప్పట్లు చఱచి, బహుమానము లిచ్చి, ఛాయాపటము తీయించి పంపివేయుచున్నాము. మఱునాటి నుండి వారి గతి యేమని యడుగుట లేదు.

పోషక మహాశయులారా! శ్రీకాకుళ విజయనగర మండలములందలి గ్రామములలో చక్కని గొంతుగల బిడ్డ యెవ్వరైనను, ఏ కులమువారైనను, చదువు ముగియువరకు అన్నవస్త్రములకు లోటు రానీయమని ఈ మహాసభయందు తీర్మానింపుడు. అనేకుల నొక్కమాఱు పోషించు శక్తి మనకు లేదని సందేహింప నక్కఱలేదు. ఆ కళాశాలయు ఒక్క బిడ్డ నిమిత్తమై తలుపు తెఱచినదే గదా!