లిఫ్ట్ చేసిన పికప్ ట్రక్కు షాక్ అబ్జార్బర్
సస్పెన్షన్ మార్చి ఎత్తు పెంచిన పికప్ ట్రక్కులో స్ప్రింగుల ఊగిసలాటను అణచడానికి, అసలు షాక్ స్థానంలో బిగించే పొడవైన హైడ్రాలిక్ పరికరం. ఈ మార్పు అమెరికాలో విస్తృతం; ఎత్తును అక్కడ అంగుళాల్లో (1 అంగుళం = 25.4 మి.మీ.) చెబుతారు.

ఎంపికలో అన్నిటికన్నా ముఖ్యమైనవి రెండు పొడవులు: పూర్తిగా సాగినప్పటిది, పూర్తిగా ముడుచుకున్నప్పటిది. సాగిన పొడవు చాలకపోతే చక్రం కిందికి జారినప్పుడల్లా ఆ లాగుడంతా షాక్ మీదే పడి, దాని బిగింపులు దెబ్బతింటాయి. ముడుచుకున్న పొడవు ఎక్కువైతే బంప్ స్టాప్ (చక్రం పైకి కదలడానికి హద్దు పెట్టే దిమ్మ) తగలకముందే పిస్టన్ అడుగుకు కొట్టుకుంటుంది. ఫ్రేము మీద బాడీని మాత్రమే లేపిన ట్రక్కులో సస్పెన్షన్ మారదు కాబట్టి పొడవైన షాక్ అక్కర్లేదు.

అధిక పీడన వాయువు నింపిన మోనోట్యూబ్ (ఒకే గొట్టపు) రకం షాక్‌ను బిల్‌స్టైన్ కంపెనీ 1957లో మెర్సిడెస్-బెంజ్ కార్లకు అందించింది. ఇందులో నూనెను, నైట్రోజన్‌ను తేలే పిస్టన్ వేరుచేస్తుంది. అందువల్ల నూనె నురగ కట్టదు; గతుకుల దారిలో వేడెక్కినా డ్యాంపింగ్ (ఊగిసలాటను అణచే శక్తి) అంతగా తగ్గదు.