తాతగారి సైకిలుకు తోలు సీటు

మదరాసులో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో పాత హెర్క్యులిస్ సైకిళ్లు కొన్ని ఇంకా మిగిలాయి. మా తాతగారిదీ ఒకటి. 1949లో మొదలైన టి.ఐ. సైకిల్స్ వారు అంబత్తూరులో చేసిన బండి. దానికి సీటు వెతకబోయి ఈ చరిత్రలోకి దిగాం.

ఇంగ్లండులో బర్మింగ్‌హాం ఊళ్లో గుర్రపు తోలుసామాను చేసే జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్, గుర్రం చనిపోతే సైకిలెక్కాడట. గట్టి సీటు బాధ పడలేక 1882లో తోలు సీటుకు పేటెంటు తీసుకున్నాడు. అదీ కంపెనీవాళ్లు చెప్పుకునే కథ.

సీటు పనితనం మన నులకమంచం లాంటిదే. దళసరి తోలును ముందూ వెనకా రివెట్లతో లాగి కడతారు, కింద దూది ఉండదు. వదులైతే ముక్కు కింద నట్టు కాస్త తిప్పాలి. తడిసినప్పుడు ఎక్కితే మాత్రం సాగిపోతుంది.

వంగి తొక్కే రేసు సైకిల్లో బరువు కొంత చేతుల మీదికి పోతుంది, సన్నసీటు చాలు. నిటారుగా కూర్చునే బండిలో దాదాపు అంతా పిరుదుల ఎముకల మీదే. అందుకే వెడల్పు సీటు, వెనక చుట్ల స్ప్రింగులు. బ్రూక్స్ వారి బి66 ఈ రకమే, 1927 నుంచి ఉంది. ఆడవాళ్లకు పొట్టి ముక్కుది వేరే.

ఫోము సీటు చవకే, మొదటి వారం హాయే. తర్వాత అణిగిపోతుంది. తోలు తొక్కేకొద్దీ మనిషి ఒళ్లు పట్టుకుంటుంది. తాతగారి సీటులో ఆయన పల్లం ఇంకా కనిపిస్తుంది. అది మార్చడానికి ఇంట్లో అందరికీ మనసొప్పలేదు. కానీ రివెట్ల దగ్గర చీలింది, ఎక్కితే తెగుతుంది. ఆయన ఇనుప చట్రం, స్ప్రింగులు ఉంచి, కొత్త తోలు వేయిస్తున్నాం.