ఫలజ్ నీళ్ళూ, ప్రెయిరీ పువ్వూ

అమెరికాలో ఉన్న మీలో చాలామంది పెరళ్ళలో, పార్కుల్లో ఊదారంగు కోన్‌ఫ్లవర్‌ని చూసే ఉంటారు. రేకులు కిందికి వాలి, నడిమి బొడ్డు ముళ్ళముళ్ళుగా పైకి ఉబికి ఉంటుంది. ఒళ్ళంతా ముళ్ళుండే ఒక చిన్న జంతువుకు గ్రీకులో ఉన్న పేరును బట్టి, జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు మోయెంక్ 1794లో దీన్ని ఎకినేసియా అన్నాడు. గ్రేట్ ప్లెయిన్స్ ఆదివాసులు మాత్రం ఈ జాతి వేళ్ళను పంటినొప్పికీ, పాముకాటుకీ ఎప్పటి నుంచో వాడుతూనే ఉన్నారు.

మస్కట్‌లో ఉండే నాకు ఈ పువ్వుతో పనేమిటంటారా? క్రిందటేడు మా అమ్మాయి చికాగో నుంచి గుప్పెడు గింజలు తెచ్చింది. వీటిని తడి ఇసుకలో కలిపి నెల పైగా ఫ్రిజ్‌లో పెడితే బాగా మొలుస్తాయి. పుట్టింటి చలికాలాన్ని ఇక్కడ ఫ్రిజ్‌లో చూపించాలన్నమాట! ఎండలు తగ్గాక, అక్టోబరు చివర్లో కుండీలో వేశాను. నీరు నిలవకూడదు, ఎరువు ఎక్కువైతే కాడలు సాగి వాలిపోతాయి, ఇక్కడి ఎండకు మధ్యాహ్నం నీడ తప్పనిసరి. ఇవన్నీ చేయగలిగినవే. అసలు చిక్కు వేరే ఉంది. గింజ నుంచి పెంచితే ఇది సాధారణంగా రెండో ఏడాదికి గాని పూయదు. మా వీసాలు చాలాకాలం రెండేళ్ళ లెక్కే. అందుకే ఇక్కడి తెలుగువాళ్ళ బాల్కనీల్లో బంతి ఎక్కువ, రెండు మూడు నెలల్లో పూస్తుంది కనుక. ఆ బంతి కూడా మెక్సికో నుంచి వచ్చిందే, కోన్‌ఫ్లవర్‌కి చుట్టమే. మనం మాత్రం దాన్ని ఏనాడో మన గుమ్మానికి కట్టేసుకున్నాం.

ఒమానీ రైతులకు కాలాన్ని నీటితో కొలవడం అలవాటు. భూగర్భజలాన్ని, ఊటల నీటిని వాలు మీదుగా ఊళ్ళకు తెచ్చే కాలువలే ఫలజ్‌లు. మూడు వేల దాకా ఇప్పటికీ పారుతున్నాయంటారు. వాటిలో నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో సహా అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీటి వాటా ఇన్ని బిందెలని కాదు, ఇంతసేపని. అరగంట వాటాను అథర్ అంటారు. పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతులు మార్చేవారు. ఆ వంతులు చూసే అరీఫ్ మన చెరువుల కింది నీరటికాడి లాంటివాడే. తాగునీటి తరువాతే తోటలు. తోటల్లోనూ ఖర్జూరం ముందు, ఏడాది పైర్లు తరువాత. కరువొస్తే ముందు ఎండేది ఆ పైర్లే. ఏళ్ళ తరబడి నిలిచే చెట్టుకే నీటి హామీ.

పువ్వుకు కూడా ఆ భాగ్యం దక్కింది జెబెల్ అఖ్దర్ కొండ మీద. అక్కడి మెట్ల చేలలో గులాబీలు ఫలజ్ నీటితోనే బతుకుతాయి. మార్చి చివరి నుంచి మే దాకా పూలు కోసి, మట్టి పొయ్యిల మీద పన్నీరు తీస్తారు. తరతరాలుగా అవే కుటుంబాలు, అవే చేలు. అది చూసినప్పుడు నాకు కాస్త అసూయ కలిగిన మాట నిజం. కుండీలోని మొక్కకు నేనిచ్చేది కొళాయి నీళ్ళు, అదీ సముద్రపు ఉప్పు తీసినవి.

మొక్క ఇప్పుడు జానెడు ఎత్తు గుబురుగా ఉంది, మొగ్గ ఇంకా లేదు. వచ్చే నెలలో మేం ఇంటికి తిరిగి వెళ్ళిపోతున్నాం. కుండీని కింది వాటాలోని మలయాళీ కుటుంబానికి ఇస్తున్నాం. వాళ్ళకింకా ఏడాదిన్నర వీసా ఉంది.