కొలతా? తలరాతా? – బుద్ధి పరీక్షల చరిత్ర చెప్పే పాఠం

సికింద్రాబాదులో బోయినపల్లి వైపు మనోవికాసనగర్ అనే చోటు ఉంది. మానసిక వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ అక్కడే ఉంది. తర్వాత కాలంలో దాని పేరు మారింది. ‘మానసిక వికలాంగులు’ అన్న మాట పోయి, ‘మేధోవైకల్యం గల వ్యక్తులు’ అన్న మాట వచ్చింది. ఇటువంటి సంస్థలకు తల్లులు బిడ్డలను చంకనెత్తుకొని వస్తారు. గదిలో ఒక బల్ల. దాని మీద చెక్కపలక. పలకలో గుండ్రంగా, చదరంగా, నక్షత్రంలా తొలిచిన గుంటలు, వాటిలో అమర్చవలసిన ముక్కలు. కొన్ని ప్రశ్నలు బిడ్డకు, కొన్ని తల్లికి. బిడ్డ తనంతట తాను అన్నం తింటాడా? బొత్తాములు పెట్టుకుంటాడా? వీధిలోకి ఒంటరిగా వెళ్లి రాగలడా? ఇవన్నీ అయ్యాక కాగితం మీద ఒక అంకె పడుతుంది.

ఆ అంకె శాస్త్రమా? లేక బ్రహ్మ రాశాడని మన ముసలమ్మలు చెప్పే నుదుటి రాతకు కొత్త లిపా?

ఈ ప్రశ్న రచయితలకు ఎందుకని కొందరు అడగవచ్చు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ నాటి నుంచి మన నవల మనిషి మనసులోకి దారి వెతుకుతూనే ఉంది. ఆ దారిలో మనోవిజ్ఞానం పేరుతో వచ్చిన ప్రతి మాటనూ మనం అరువు తెచ్చుకున్నాం. అరువు తెచ్చిన నాణెం చెల్లుతుందో లేదో చూసుకున్న సందర్భాలు తక్కువ. అంతేకాదు, శాస్త్రానికీ కుహనా శాస్త్రానికీ మధ్య గీత ఎక్కడుందో మనకు బాగా తెలుసునన్న ధీమా అభ్యుదయ రచయితల్లో ఉంది. గీతకు అవతల సోదె, బాణామతి, భూతవైద్యుడి వేపమండలు. ఇవతల ప్రయోగశాల, అంకెలు, తెల్లకోటు. వేపమండల సంగతి తేల్చడం తేలిక. కాని మనోవిజ్ఞాన చరిత్రను చూస్తే, అసలు గీత ప్రయోగశాల గుమ్మం దగ్గర ఆగలేదు. అది లోపలికి వచ్చి బల్ల మీద ఉన్న పరీక్షా పత్రాన్నే రెండుగా చీల్చింది.

1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల నెలకొల్పాడు. మనోవిజ్ఞానం తత్వశాస్త్రం పంచ నుంచి బయటికి వచ్చి సొంత కాపురం పెట్టింది అప్పుడేనని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మక మనోవిజ్ఞాన శాఖ వెలిసింది. కొత్తగా కాపురం పెట్టిన ఈ శాస్త్రానికి, భౌతికశాస్త్రంలా తానూ కొలవగలనని నిరూపించుకోవాలన్న ఆరాటం మొదటి నుంచీ ఉంది. దాని బలమూ, బలహీనతా ఆ ఆరాటంలోనే ఉన్నాయి.

ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ బినే మొదట తలలు కొలిచాడు. పెద్ద తలలో పెద్ద బుద్ధి ఉంటుందని ఆ కాలపు పండితుల విశ్వాసం. బడిపిల్లల తలలు కొలవగా, తెలివైన వారికీ వెనుకబడిన వారికీ మధ్య తేడా లెక్కలోకి రానంత స్వల్పమని తేలింది. అప్పుడు బినే చేసిన పని గమనించదగ్గది. తాను ఆశించే ఫలితమే తన చేతిలోని కొలతను పక్కకు లాగుతున్నదేమోనని తన మీద తానే అనుమానపడ్డాడు. ఆ అనుమానాన్ని దాచుకోకుండా అచ్చు వేశాడు. తలలు కొలవడం వదిలేశాడు. శాస్త్రజ్ఞుడి లక్షణం ఇదీ.

1904లో ఫ్రెంచి ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. మామూలు బడిలో నెగ్గుకు రాలేక ప్రత్యేక సహాయం కావలసిన పిల్లలను గుర్తించడం దాని పని. ఆ అవసరం కోసం బినే, సైమన్ కలిసి 1905లో 30 అంశాల పరీక్ష తయారు చేశారు. ఆ అంకె పుట్టుకతో వచ్చిన స్థిరమైన గుణానికి కొలత కాదని బినే స్పష్టంగా చెప్పాడు. ఈ బిడ్డకు ఇప్పుడు, ఇక్కడ సాయం కావాలి అని చెప్పడానికే అది. బుద్ధి పెరగదని తీర్పు చెప్పేవారిని ఆయన 1909లో రాసిన పుస్తకంలో తీవ్రంగా ఖండించాడు. 1911లో చనిపోయాడు.

బినే పోయాడు. పరీక్ష సముద్రం దాటింది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌లాండ్ శిక్షణశాలలో పనిచేస్తున్న గొడ్డార్డ్ దానిని 1908లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. ప్రశ్నలు దాదాపు అవే. అర్థం మాత్రం తలకిందులైంది. మందబుద్ధి రక్తంలో ఉంటుంది, వంశంలో పారుతుంది, దానిని ఆపాలి అన్నాడు. 1917లో అమెరికా యుద్ధంలో దిగినప్పుడు సుమారు 17 లక్షల మంది సైనికులకు బుద్ధి పరీక్షలు పెట్టారు. అందులో పత్రికల్లో ప్రకటనలు వచ్చే సరుకుల గురించి, బేస్‌బాల్ ఆటగాళ్ల గురించి ప్రశ్నలున్నాయి. నిన్న ఓడ దిగిన ఇటలీ కూలీకి, పొలం నుంచి వచ్చిన నీగ్రో యువకుడికి అవి తెలియకపోతే, తెలియకపోవడం వారి జాతి లక్షణమైంది! ఈ లెక్కల మీద 1923లో బ్రిగమ్ అనే ఆయన పుస్తకం రాశాడు. 1924లో వలసల నిరోధక చట్టం వచ్చింది. ఆ చట్టానికి వేరే రాజకీయ కారణాలు చాలా ఉన్నాయి. అయినా ఆనాటి జాతి విద్వేషానికి ఈ అంకెలు శాస్త్రం తొడుగు తొడిగాయి. 1930లో బ్రిగమ్ తన నిర్ధారణలు తప్పని స్వయంగా ఒప్పుకున్నాడు. చట్టం మాత్రం ఒప్పుకోలేదు. అది దశాబ్దాల పాటు అలాగే నిలిచింది.

చట్టం కంటే క్రూరమైనది మరొకటి జరిగింది. వర్జీనియాలో కేరీ బక్ అనే పేద యువతికి, ఆమె తల్లికి, పసికందైన ఆమె కూతురుకు – మూడు తరాలకూ – మందబుద్ధి ముద్ర వేశారు. ఆమెకు సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేయవచ్చునని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చేశారు. ఆ కూతురు బడిలో చక్కగా చదువుకొని, ప్రతిభావంతుల జాబితాకు ఎక్కి, ఎనిమిదేళ్ల వయసులో జబ్బు చేసి పోయింది. కేరీకి కూడా ఎటువంటి బుద్ధిమాంద్యమూ లేదని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అంకె తలరాతగా మారినప్పుడు జరిగేది ఇదే.

ఇంగ్లండులో కథ మరో రకం. సిరిల్ బర్ట్ ఆ దేశపు మనోవిజ్ఞానానికి పెద్ద దిక్కు. బుద్ధి ప్రధానంగా వంశం నుంచే వస్తుందని నిరూపించడానికి, పుట్టిన వెంటనే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలల లెక్కలు చూపించాడు. 1955లో 21 జంటలు. 1966 నాటికి 53 జంటలు. జంటల సంఖ్య రెట్టింపు దాటినా సహసంబంధం మాత్రం మూడో దశాంశ స్థానం వరకు కదలలేదు. అప్పుడూ 0.771, ఇప్పుడూ 0.771! జీవించి ఉన్న మనుషుల నుంచి సేకరించిన లెక్క ఇంత కదలకుండా కూర్చోవడం సాధ్యం కాదు. బర్ట్ 1971లో చనిపోయాక, 1974లో లియాన్ కామిన్ ఈ సంగతి బయటపెట్టాడు. 1979లో బర్ట్ జీవితచరిత్ర రాసిన హెర్న్‌షా సైతం లెక్కలు కల్పితమనే నిర్ణయానికి వచ్చాడు. తరువాత కొందరు ఆయనను సమర్థిస్తూ పుస్తకాలు రాశారు. అది ఉద్దేశపూర్వకమైన మోసమా, కాదా అన్న వాదం వేరు. ఆ లెక్కలను శాస్త్రంగా వాడుకోవడం మాత్రం అక్కడితో ముగిసింది. మనకు ముఖ్యమైన ప్రశ్న ఏమిటంటే, అంతకు ముందు ఇన్నేళ్లూ దానిని ఎవరూ ఎందుకు తరచి చూడలేదు? ఉన్నవాడు ఉన్నవాడుగా ఉండటానికి కారణం వాడి బుద్ధే అన్న మాట వినేవారికి ఇంపుగా ఉంది కనుక.

అంకె ఉంటే చాలు శాస్త్రమైపోతుందన్న భ్రమకు మన దగ్గరా ఉదాహరణ ఉంది. 1967లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞానంతో పాటు పరామనోవిజ్ఞానానికీ కలిపి ఒక శాఖ ఏర్పడింది. అమెరికాలో జె.బి. రైన్‌తో పనిచేసి వచ్చిన కె. రామకృష్ణారావు దానికి మూలపురుషుడు. ఐదు గుర్తులున్న 25 కార్డులు, చూడకుండా చెప్పాలి, కాకతాళీయంగా సగటున ఐదు సరిపోతాయి, అంతకు మించి నిలకడగా వస్తే అతీంద్రియ శక్తి. ఇక్కడ ప్రయోగశాల ఉంది, గణితం ఉంది. పరిశోధకుల చిత్తశుద్ధిని శంకించనవసరం లేదు. లేనిదల్లా ఒకటే: నమ్మకం లేనివాడు అదే ప్రయోగం అవే జాగ్రత్తలతో చేసినా అదే ఫలితం రావడం. 1974లో రైన్ సొంత సంస్థలోనే లెవీ అనే పరిశోధకుడు ఫలితాలను తారుమారు చేస్తూ సహచరులకు దొరికిపోయాడు. రైన్ దానిని దాచలేదు, ప్రకటించాడు. ఆ మేరకు ఆయన బర్ట్ కంటే మెరుగు. కాని దశాబ్దాల ప్రయత్నం తర్వాత కూడా ఎవరు చేసినా నిలిచే ఫలితం ఒక్కటీ చేతికి రాకపోతే, ఆ పరికల్పనను విడిచిపెట్టాలి. బినే తలల కొలతను విడిచిపెట్టినట్టు.

ఇంతవరకు చదివిన అభ్యుదయవాదికి ఉత్సాహం కలగవచ్చు. పాలకవర్గాల శాస్త్రం ఇంతేనని చప్పట్లు కొట్టవచ్చు. అక్కడే మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. సోవియట్ యూనియన్‌లో పిల్లల మనోవిజ్ఞానాన్ని పెడాలజీ అనేవారు. పరీక్షల పేరుతో శ్రామికుల, రైతుల పిల్లలను వెనుకబడిన వారి బడులకు తోసేస్తున్నారన్న ఫిర్యాదు నిజమైనదే. దానికి సమాధానం మెరుగైన పరిశోధన కావలసింది. వచ్చింది 1936 జులై 4 నాటి పార్టీ ఉత్తర్వు. ఒక్క ఉత్తర్వుతో ఆ శాస్త్రమంతా కుహనా శాస్త్రమైంది. అప్పటికి రెండేళ్ల కిందట, 37 ఏళ్లకే క్షయతో చనిపోయిన వైగోట్‌స్కీ రచనలు కూడా మూలపడ్డాయి. ఆయన ‘ఆలోచన – భాష’ గ్రంథం మళ్లీ వెలుగు చూసింది 1956లో. ఒక సిద్ధాంతం ఎవరికి మేలు చేస్తున్నదని అడగడం అవసరమే. ఎక్కడ అనుమానించాలో ఆ ప్రశ్న చెబుతుంది. కాని ఏది తప్పో తేల్చేది ఆ ప్రశ్న కాదు, పరీక్ష. పాపర్ మార్క్సిజాన్ని, ఫ్రాయిడ్‌ను ఒకే గాటన కట్టాడని మనం ఆయన మీద కోపగించుకున్నాం. కోపం సరే. ఏం జరిగితే నీ మాట తప్పని ఒప్పుకుంటావు అన్న ఆయన ప్రశ్న నుంచి మాత్రం మనకూ మినహాయింపు లేదు.

విచిత్రమేమంటే, బుద్ధి పరీక్షకు సరైన జవాబు మూలపడిన ఆ వైగోట్‌స్కీ దగ్గరే ఉంది. ఇద్దరు పిల్లలు, పరీక్షలో ఇద్దరి మానసిక వయసూ ఎనిమిదేళ్లే. కాస్త చేయూత ఇచ్చి, దారి చూపితే ఒకడు తొమ్మిదేళ్ల వాడి లెక్కలు చేశాడు, మరొకడు పన్నెండేళ్ల వాడివి చేశాడు. ఇద్దరూ సమానమేనా? ఒంటరిగా చేసింది నిన్నటి ఎదుగుదల. సాయంతో చేసింది రేపటిది. బినే చెప్పదలచిందే మరింత లోతుగా చెప్పాడు.

మన దేశానికి ఈ పరీక్షలు రెండు ముఖాలతోనూ వచ్చాయి. లాహోరులో హెర్బర్ట్ రైస్ తయారు చేసిన హిందుస్తానీ బినే పరీక్ష 1929లో అచ్చయింది. 1930లలో ధార్వాడులో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు అనువుగా బినే పరీక్షను మార్చాడు. పరాయి భాషలో అడిగి, జవాబు రాకపోతే బుద్ధి లేదనడం అన్యాయమన్న కనీస జ్ఞానం అందులో ఉంది. సికింద్రాబాదు సంస్థ 1992లో ప్రచురించిన కొలబద్దలో 280 పనులున్నాయి. బిడ్డ ఏ పని సొంతంగా చేస్తాడు, ఏది చెబితే చేస్తాడు, ఏది చెయ్యి పట్టి చేయించాలి అని చూస్తుంది. పక్కింటి పిల్లవాడితో పోల్చదు. తర్వాత ఏం నేర్పాలో చెబుతుంది. ఇది బినే వారసత్వం.

కాని రెండో ముఖమూ ఉంది. 2018 జనవరిలో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం వైకల్య ధ్రువపత్రానికి వైన్‌లాండ్ సామాజిక పరిణతి కొలబద్దను వాడవలసి ఉండేది. 1935లో ఎడ్గర్ డాల్ దానిని రూపొందించింది గొడ్డార్డ్ పనిచేసిన ఆ శిక్షణశాలలోనే. అయితే డాల్ అడిగినది వంశం గురించి కాదు, నిత్యజీవితం గురించి. ఆ మార్గదర్శకాల కింద ఆ కొలతలో 55 నుంచి 69 వరకు వస్తే 50 శాతం వైకల్యంగా లెక్కించేవారు. 70 నుంచి 84 వరకు వస్తే 25 శాతం. 2016 చట్టం కింద ముఖ్యమైన రాయితీలకు కనీసం 40 శాతం ఉండాలి. అంటే 69 వచ్చిన బిడ్డకు ప్రభుత్వ సాయం తలుపు తెరుచుకునేది, 70 వచ్చిన బిడ్డకు మూసుకునేది. ఇటువంటి ఏ పరీక్షలోనైనా నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ కావడం సహజమని పరీక్ష పెట్టేవారికి తెలుసు. తల్లికి ఎవరూ చెప్పరు. పరీక్ష శాస్త్రీయమైనదే కావచ్చు. 69కీ 70కీ మధ్య గోడ ఉందనడం మాత్రం శాస్త్రం కాదు, ఖజానా లెక్క.

కనుక అంకెను తిరస్కరించడం మన పని కాదు. సాయం కావలసిన బిడ్డను గుర్తించడానికి అది కావాలి. అంకె ఏం చెబుతున్నదో, ఏం చెప్పడం లేదో అడగడం మన పని. ‘ఈ బిడ్డ ఈ రోజు ఈ పని ఇంతవరకు చేశాడు, నేర్పితే చూద్దాం’ అన్నది శాస్త్రం. అది రేపు తప్పని తేలవచ్చు, తేలితే సంతోషిస్తుంది. ‘వీడింతే, వీడి కులమింతే, వీడి జాతి ఇంతే’ అన్నది తలరాత. ‘ప్రతిభ’ పేరుతో రిజర్వేషన్లను ఎద్దేవా చేసే వ్యాసంలోనూ ఆ తలరాతే ఉంది. మన కథల్లో హాస్యానికో జాలికో వాడుకొని వదిలేసిన ‘వెర్రిబాగులవాడి’ పాత్రలోనూ ఆ తలరాతే ఉంది. చెక్కపలక ముందు కూర్చున్న బిడ్డ నక్షత్రం ముక్కను తప్పు గుంటలో పెట్టి, తీసి, మళ్లీ చూస్తాడు. ఆ మళ్లీ చూడటాన్ని రాయగలిగిన రచయిత పరీక్షా పత్రం కంటే ఒక అడుగు ముందుంటాడు.