ఇమారి పింగాణి: నామవిచారము

ఐరోపాఖండమునందలి రాజగృహములలోను ప్రదర్శనశాలలలోను నీలము, ఎఱుపు, బంగారు వన్నెలతో నలంకృతములైన ప్రాఁత జపాను పింగాణి పాత్రములు పెక్కులు గలవు. వీనికి ‘ఇమారి’ యని ప్రసిద్ధి. ఈ పేరు నిర్మాణస్థలమును దెలుపునని పలువురు తలంతురు. అది సరికాదు. ఇమారి క్యూషూ ద్వీపమునందలి యొక రేవు. పాత్రములు చేయఁబడినది దానికి సమీపమునఁ గొండలనడుమ నున్న అరితాయందు. అచటి యావములనుండి సరకు ఇమారికిఁ జేరి, యందుండి యోడలపై నాగసాకికిఁ బోయెడిది. కొనువారు రేవునే యెఱుఁగుదురు గావున రేవుపేరే సరకునకు నిలిచినది.

ఈ శిల్పముయొక్క పుట్టుక దుఃఖమయము. 1592–1598 సంవత్సరముల నడుమ జపాను సేనలు కొరియాపై దండెత్తి, యచటి కుమ్మరులను బెక్కండ్రను గొనిపోయిరి. వారిలో జపానువారు రీ సాంపెయి యని పిలుచునతఁడు 1616 ప్రాంతమున అరితాచెంతనున్న ఇజూమియామ కొండయందుఁ బింగాణికిఁ దగిన ఱాతిని గనుఁగొనెనని యైతిహ్యము. అతఁ డొక్కఁడే యాద్యుఁ డగునా యనుట వివాదాస్పదమైనను, కొరియావారి హస్తకౌశలము లేనిదే యీ విద్య యచట వేరూనియుండదు. అరితావారు 1917లో నతనికి స్మారకశిల నెత్తిరి. వర్తకులు పెట్టిన పేరునందు మాత్ర మతనికిఁ జోటులేదు.

ఈ వాణిజ్యము వర్ధిల్లుటకుఁ గారణము చీనాదేశపు సంక్షోభము. 1644లో మింగు వంశము పతనమై, యుద్ధములవలన జింగ్‌డెజెన్ ఆవముల సరకు విదేశములకు సరిగా రాకపోయెను. 1641 మొదలు నాగసాకియందలి దెజిమా దీవిలో మాత్రమే వర్తకమున కనుమతింపఁబడిన డచ్చివారు అరితావంకఁ జూచిరి. 1659లో వారు కోరిన పాత్రముల సంఖ్య యేబదివేలకు మించినది. నీలమును మెఱుఁగుపూఁత క్రింద వ్రాసి మొదటఁ గాల్చి, యెఱుపును బంగారమును పూఁతమీఁదఁ బెట్టి తక్కువ వేఁడిమిని మరలఁ గాల్చుట పనివారి పద్ధతి. 1684లో చీనా ప్రభువులు సముద్రవర్తక నిషేధమును దొలఁగింపఁగా, జింగ్‌డెజెన్‌వారును ఇమారి వన్నెల ననుకరించి పాత్రములు చేసి పంపఁజొచ్చిరి. అంతట ‘ఇమారి’ రేవునకేకాక యొక శైలికిని బేరాయెను.

మన గోలకొండ వజ్రముల కథయు నిట్టిదే. అవి గోలకొండలోఁ బుట్టినవి కావు. కృష్ణాతీరమునందలి కొల్లూరు మొదలగు గనులలోఁ ద్రవ్వఁబడి గోలకొండ బజారున నమ్ముడుపోయినవి. లోకము బజారును స్మరించి గనిని మఱచెను. కావున వస్తునామములను బట్టి చరిత్ర వ్రాయువారు ఆ పేరు పెట్టినవాఁడు చేసినవాఁడా, అమ్మినవాఁడా, కొన్నవాఁడా యని మొదట విచారింపవలయును.