మత్స్యవంశపుఁ గథయు, దానిఁ జెప్పినవాఁడును

చేఁప కడుపున రాజు పుట్టెనన్న నేఁటి బాలురు నవ్వుదురు. నవ్వనిండు. పెద్దలగు మీరు మాత్రము ఆ కథను ఎవఁడు, ఎవని యెదుట, ఏ యవసరమునకుఁ జెప్పెనో యొకింత విచారింపుఁడు.

అరకులోయకు దిగువను, మాడుగుల కొండల పాదమున ఒడ్డాది కలదు. మత్స్యవంశపు రాజులు దానిని రాజధానిగాఁ జేసికొని యేలిరి. వారిలో అర్జునుఁడనువాఁడు శక సంవత్సరము 1191లో, అనఁగా క్రీ. శ. 1269లో, దిబ్బిడ గ్రామమును బ్రాహ్మణులకు దానము చేసి తామ్రశాసనము వ్రాయించెను. ఆ శాసనమును చదివి 'ఎపిగ్రాఫియా ఇండికా' యైదవ సంపుటమునఁ బ్రకటించినవారు గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు. గ్రాంథికభాషను గూర్చిన వాదమున నేను వారి పక్షమువాఁడను గాను. ఐనను రాగిరేకులమీఁది యక్షరములను విడఁదీయుటలో వారి యోపికకు నమస్కరింపక తప్పదు.

శాసనకవి చెప్పిన కథ యిది. కశ్యపవంశజుఁడగు నారంగముని మత్స్యనదీ ప్రాంతమునఁ దపము చేసెను. ఆ ముని వలన మత్స్యగర్భమున సత్యమార్తాండుఁడు జనించెను. ఉత్కళాధీశుఁడగు జయత్సేనుఁడు వానికిఁ దన కూఁతురు ప్రభావతి నిచ్చి పెండ్లిచేసి, ఒడ్డాది నాటికి రాజుగా నిలిపెను. అటుపైఁ దరతరముల రాజుల పేళ్లు చెప్పి కవి అర్జునునికడకు వచ్చును.

భారతము విన్నవారికి ఈ కథ క్రొత్త గాదు. ఆదిపర్వమున అద్రిక యను నప్సరస శాపముచే యమునలోఁ జేఁపయై యిద్దఱు శిశువులను గనెను. బాలుఁడు మత్స్యరాజయ్యెను, బాలిక సత్యవతి. మన కవి పుస్తకముల నడుమఁ బెరిగినవాఁడు. కొండ యేటిలోని చేఁపకుఁ గలిగిన పూజ్యత ఒక మునితోడు లేనిదే సభలో నిలువదని యతని భయము. అట్లని యేటిని మాత్రము విడువలేదు. గంగయనియో గోదావరియనియో వ్రాసిన నడ్డగించువాఁ డెవ్వఁడు? తన సీమలోని యేటినే నిలిపినందుకు నాకాతనిపై నభిమానము.

అతని లోఁతు పెండ్లి ముచ్చటలోఁ గానవచ్చును. నాఁడు కళింగోత్కళములు గాంగరాజుల యేలుబడిలో నుండెను. కత్తితో గెలిచిన భూమి యని వ్రాసిన బలవంతులగు ప్రభువులకు గిట్టదు. కొలువు చేసి పడసినదని వ్రాసిన, దానమిచ్చుచున్న రాజునకే చిన్నతనము. అల్లునికిచ్చిన భూమి యన్నచో నిరువురికి నొప్పును. అల్లుఁడు మామకు లోఁబడియు లోఁబడనివాఁడు గదా! చెప్పినది మునుల కాలపు కథ. అందుఁ గనఁబడునది యిద్దఱు రాజుల నడుమ మాట తూఁచి పలుకు ఆస్థానపండితుఁడు.

ఇఁక అదే చేఁపను గూర్చి వేఱొక కథ వినుఁడు. యెండ్రిక కొండక్రింద, మఠము గ్రామముకడ, మాచ్‌ఖండ్ నదికి అడ్డముగా బండలున్నవి. నీరు వాని క్రిందఁ గనఁబడక పాఱి, యించుక దూరమునఁ బైకి వచ్చి మడుఁగగును. అదియే మత్స్యగుండము. కథలోని మత్స్యనది యీ యేఱే యని నా తలంపు. 1907లో ఫ్రాన్సిస్ దొర ప్రకటించిన విశాఖపట్టణ గెజిటీరులో ఈ గుండపుఁ జేఁపలు మనుష్యుని చేతినుండి మేఁత తినునని కలదు. మాడుగుల జమీందారులు మత్స్యదేశ ప్రభువుల సంతతివారమని చెప్పుకొనుచు, చేఁప యాకారముగల రాతిపీఠముపైఁ బట్టాభిషిక్తులగుదురనియుఁ, జేవ్రాలుగాఁ జేఁపబొమ్మను వేయుదురనియు నందే యున్నది.

ఆ పుస్తకమందే గుండముకడ జనులు చెప్పుకొను కథయుఁ గలదు. ఒకఁడొక చేఁపనుఁ బట్టి కూర వండుకొనెనఁట. చేఁపలరాజు శపింపఁగా వాఁడును వాని కుటుంబమును ఱాళ్లైపోయిరఁట. అంతే. మునియు లేఁడు, వంశావళియు లేదు, మామయు లేఁడు. ఈ కథకునకు రాజును మెప్పింపవలసిన పని లేదు. గుండములోఁ జేఁప మిగిలియుండవలయును, ఆఁకలిగొన్నవాఁడైనను దానిపైఁ జేయి వేయరాదు. అందుకే యతఁడు శాపమును వంటకుండలోఁ బెట్టెను. పండితుని కథ రాగిరేకు లేనిచో మనవఱకు రాకపోవును. ఇది మాత్రము ఏ రేకును లేకయే, పెద్దలు పిల్లలకుఁ జెప్పఁగాఁ జెప్పఁగా ఆ దొర చెవి దాఁక వచ్చినది.